పొగరాని పొయ్యి మీద టర్కీ కాఫీ

ముక్కామల విశ్వపతి నోరు జారాడు. అబద్ధం చెప్పి కాదు, నిజం చెప్పి. ఆఫీసులో నిజం చెప్పకూడదని అతనికి తెలియక కాదు. మధ్యాహ్నం భోజనాల వేళ, చేతిలో పెరుగన్నం ముద్ద ఉంది, మనసు మెత్తబడి ఉంది. అంతే. ఆ ముద్ద నోట్లోకి వెళ్ళేలోగా అతని వంటిల్లు ప్రభుత్వపరం కావడం మొదలైంది.

అతను పనిచేసేది పొగరాని పొయ్యిల ప్రోత్సాహక సంస్థ, కాకినాడ జిల్లా కార్యాలయంలో. కట్టెల పొయ్యి ముందు కూర్చుని కళ్ళు మండించుకునే ఆడవాళ్ళ కోసం ఎప్పుడో పెట్టారు దాన్ని. మట్టి పొయ్యికి గొట్టం అమర్చి పొగను ఇంటి కప్పు దాటించడం దాని పని. తర్వాత ఇంటింటికీ గ్యాసు బండ వచ్చేసింది. పొగ పోయింది. సంస్థ మాత్రం ఉండిపోయింది. నెలనెలా హెడ్డాఫీసుకు రిపోర్టు వెళ్ళేది: 'ఈ నెలలో పొగ కనబడలేదు. కనబడిన వెంటనే తగు చర్యలు తీసుకోబడును.' దాన్ని తయారుచేయడం సూపరింటెండెంటుగా విశ్వపతి బాధ్యత. ఏ లోటూ లేకుండా చేసేవాడు.

ఆ రోజు జాయింట్ డైరెక్టర్ త్రివిక్రమరాజు తన క్యారేజీ తానే పట్టుకుని వచ్చి స్టాఫ్ మధ్యన కూర్చున్నాడు. అలా కూర్చోవడం అదే మొదటిసారి. ఏదో ముంచుకొచ్చిందని అందరికీ తెలిసిపోయింది.

"మనల్ని మత్స్యశాఖలో కలిపేస్తారట," అన్నాడు ఆయన.

"చేపల చెరువుల్లో పొగేమైనా వస్తోందేమోనండి," అంది సీనియర్ అసిస్టెంట్ నూకరత్నం. ఆవిడ నోటికి జేడీ అయినా ఒకటే, అటెండరైనా ఒకటే.

"నవ్వులాట కాదు నూకరత్నం గారూ. మార్చిలోగా ఈ సంస్థ ఒక నూతన దార్శనికతను ప్రదర్శించాలి. అది పొయ్యికి సంబంధించినదై ఉండాలి. రాష్ట్రంలో ఇంకే శాఖా చేయనిదై ఉండాలి. మీ మీ ఇళ్ళలో పొయ్యి మీద విశేషంగా ఏం చేసుకుంటారో ఒక్కొక్కరూ చెప్పండి."

టైపిస్టు పులస పులుసు అన్నాడు. "చేప మాటెత్తకండి!" అని జేడీ కసిరాడు. నూకరత్నం ఉలవచారు అంది. అది వైద్యశాఖ కిందకు వస్తుందేమోనని ఆయన అనుమానపడ్డాడు. విశ్వపతి వంతు వచ్చింది.

"నేను పొద్దున్నే టర్కీ కాఫీ పెట్టుకుంటానండి."

"టర్కీయా? ఆ దేశం కాఫీయేనా?"

"అవునండి. మా బావమరిది ఓడలో ఇంజనీరు. పొడుగు పిడి ఉన్న చిన్న రాగి గిన్నె తెచ్చిచ్చాడు. కాఫీ గింజల్ని మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఆడించాలండి. చన్నీళ్ళలో పొడీ పంచదారా కలిపి సన్నని మంట మీద పెట్టాలి. ఇక ముట్టుకోకూడదు. మెల్లిగా అంచు చుట్టూ నురగ కడుతుంది. అది మధ్యకు మూసుకుపోతూ పైకి లేస్తుంది. సరిగ్గా పొంగబోయే ముందు దించెయ్యాలి. ముందు నురగ కప్పులో వేసి, తర్వాత కాఫీ పొయ్యాలి. వడగట్టకూడదండి. మడ్డి అడుక్కి దిగాక పైపైన తాగాలి."

"అంతసేపూ మీరేం చేస్తారు?"

"ఏం చెయ్యనండి. దాన్నే చూస్తూ నుంచుంటాను. అప్పటికి ఇంట్లో ఎవరూ లేవరు. ఫోను మోగదు. రోజు మొత్తమ్మీద నాకంటూ ఉండేది అదొక్కటేనండి." అంత సొంత విషయం చెప్పేసినందుకు విశ్వపతికే సిగ్గేసింది.

జేడీ కళ్ళు చిన్నవయ్యాయి. "సన్నని మంట అన్నారు. పొగ వస్తుందా?"

"రాదండి."

"పొయ్యి మీదే కదా పెట్టేది?"

"పొయ్యి మీదేనండి."

"అంటే పొగరాని పొయ్యి!" జేడీ క్యారేజీతో సహా లేచి నిలబడ్డాడు. "ఇది మన పరిధిలోకే వస్తుంది!"

నూకరత్నం విశ్వపతి చెవి దగ్గరకు వంగింది. "మాస్టారూ, ఉప్మా అని ఉంటే పోయేది కదండీ."

*

'ఇంటింటా నురగ' పథకం ఎంత వేగంగా మంజూరైందంటే, సంస్థలో పాతకాపులకు మొదట అనుమానం వచ్చింది, వేరే రాష్ట్రం ఉత్తర్వు పొరపాటున తమకు వచ్చిందేమోనని. మార్గదర్శకాల్లో మొదటి వాక్యమే కొంప ముంచింది. 'గృహమునందు తయారు చేయబడు టర్కీ కాఫీ ద్వారా పొగరహిత జీవన ప్రమాణములను పెంపొందించుట.' గృహమునందు అని రాసుంది కాబట్టి శిక్షణ ఆఫీసులో ఇవ్వడానికి వీల్లేదు. ఇంట్లోనే ఇవ్వాలి. ఎవరింట్లో?

"కాఫీ ఉన్న ఇంట్లో," అన్నాడు జేడీ.

విశ్వపతి ఇంటి గేటుకు 'ఆదర్శ గృహం' అని బోర్డు వేలాడింది. అతన్ని నురగ నోడల్ అధికారిగా నియమించారు. ప్రతి శాఖకూ ఇంతమంది నేర్చుకోవాలని టార్గెట్లు వెళ్ళాయి. తెల్లారకముందే జీపులు దిగడం మొదలైంది. గ్రంథాలయ శాఖ, పశుసంవర్ధక శాఖ, తూనికలు కొలతల శాఖ. ఎవరికీ కాఫీ మీద ఆసక్తి లేదు. అందరికీ హాజరు మీద ఉంది.

విశ్వపతి భార్య హైమవతి హైస్కూల్లో హిందీ పండిట్. ఆవిడ పొద్దున్నే లేచి వంటింట్లోకి వెళితే, పశుసంవర్ధక శాఖ ఉద్యోగి ఒకాయన ఆవిడ గరిట పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఎవరండీ మీరు?" అన్నాడు ఆయన.

"ఇది నా వంటిల్లు."

"అలాగా! మరి మీ ఐడీ కార్డేదండీ?"

హైమవతి గరిట లాక్కుంది. పెరట్లో మొహం వేలాడేసుకుని నిలబడ్డ భర్త దగ్గరకు వెళ్ళింది.

"ఏవండీ, నా ఫిల్టర్ కాఫీ నేనెక్కడ పెట్టుకోవాలి?"

"శిక్షణ సమయంలో ఇంకో కాఫీ నిషేధమట హైమా. పోటీ అవుతుందని."

"పోనీ, మీరు తాగారా?"

విశ్వపతి తల అడ్డంగా ఊపాడు. రాగి గిన్నె మీద ఎర్ర పెయింటుతో సంస్థ ఆస్తి అని రాసి నంబరు వేశారు. దాన్ని ముట్టుకోవాలంటే నోడల్ అధికారి అనుమతి కావాలి. నోడల్ అధికారి తానే. తనకు తాను అనుమతి ఇచ్చుకుంటే ఆడిట్ అభ్యంతరం వస్తుందని జేడీ చెప్పాడు.

"మనసు బాగోలేదా?" అంది హైమవతి, కాస్త గొంతు తగ్గించి.

"చిన్న కప్పేగా. దానికేముంది," అన్నాడు విశ్వపతి. ఆ గొంతు వింటే ఎవరైనా అతనికంటూ ఉండేది అదొక్కటేనని చెప్పగలరు.

*

వారం తిరక్కుండా జేడీ స్వయంగా తనిఖీకి దిగాడు. అందరూ చూస్తుండగా విశ్వపతి గిన్నె పెట్టాడు. నురగ అంచు చుట్టూ కట్టింది. మధ్యకు మూసుకుంది. లేచింది. పొంగబోయే ముందు అతను దించేశాడు.

"ఆగండాగండి!" జేడీ కేక వేశాడు. "పొంగకుండా దించేశారేంటి?"

"పొంగితే పాడైపోతుందండి. నురగంతా పోతుంది."

"విశ్వపతి గారూ, మీరు ఈ ఇంటికి గృహప్రవేశం చేశారా?"

"చేశానండి."

"పాలు పొంగించారా? పొంగబోయే ముందు దించేశారా?"

"అవి పాలండి. ఇది..."

"పొయ్యి పొయ్యే కదా! ఆదర్శ గృహంలో, ప్రభుత్వ పథకం మొదట్లోనే, గిన్నె పొంగబోతుంటే ఒక బాధ్యత గల సూపరింటెండెంటు దించేశాడని బయటికి పొక్కిందనుకోండి. సంస్థను మూసెయ్యమని మనకు మనమే శకునం చెప్పుకున్నట్టు కాదూ?"

"అవునండి, పొంగాలండి," అన్నాడు పశుసంవర్ధక శాఖ. "మా ఇంట్లో పాలు సరిగ్గా పొంగలేదు, ఇప్పటికీ కుళాయి రాలేదు." తూనికలు కొలతల శాఖ కూడా తల ఊపింది. సొంతిల్లు కట్టుకున్న వాళ్ళందరూ ఏకగ్రీవంగా పొంగాలన్నారు. అద్దె ఇళ్ళ వాళ్ళు ఎదురు చెప్పలేదు.

సాయంత్రానికి అనుబంధ మార్గదర్శకం వచ్చేసింది. 'నురగ గిన్నె అంచును దాటి, సాధ్యమైనంత వరకు తూర్పు దిశగా, ధారాళముగా పొంగవలెను.'

మర్నాటి నుంచి కాఫీ పొంగింది. ఆదర్శ గృహంలో పొంగింది. శిక్షణ పొందిన ప్రతి ఇంట్లోనూ పొంగింది. ఫోటోలు తీసి పైకి పంపారు. నివేదికల్లో పొంగు నూటికి నూరు శాతం. ఎప్పుడూ ఏ శాఖకూ రాని అంకె అది. నూకరత్నానికి ఒక్క సందేహం మిగిలింది.

"మొత్తం పొయ్యి మీదకే పోతోంది సార్. కప్పులోకి ఏం పొయ్యాలండీ?"

జేడీ మార్గదర్శకాలు మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. "ఇందులో కప్పు ప్రస్తావన ఎక్కడైనా ఉందా?"

"లేదండి."

"అయితే కప్పు ఈ కార్యాలయ పరిధిలోకి రాదు."

*

పంచదార కలిసిన కాఫీ రోజూ పొయ్యి మీద పొంగితే ఏమవుతుంది? బర్నరు కన్నాలు పూడుకుపోతాయి. నీలం మంట పోయి పచ్చ మంట వస్తుంది. గిన్నెల అడుగు మసి పడుతుంది. ఆపైన, ఆ ఇళ్ళల్లో ఒక తరం వాళ్ళు చూసి కూడా ఎరగనిది, నెమ్మదిగా, నల్లగా, వంటింటి కప్పుకేసి లేస్తుంది.

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ సంస్థ కార్యాలయానికి వచ్చారు. ఫిర్యాదుదారులు రావడం ఎన్నడూ చూడలేదేమో, నూకరత్నం మొదట వాళ్ళను చుట్టాలనుకుని మంచినీళ్ళిచ్చింది.

విశ్వపతి జేడీ గదిలోకి తల వంచుకుని వెళ్ళాడు. "ఇళ్ళల్లో పొగ వస్తోందట సార్. పొంగించొద్దని నేను ముందే..."

జేడీ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. పొగ వల్ల కాదు.

"పొగ వచ్చింది విశ్వపతి గారూ."

"క్షమించండి సార్."

"క్షమాపణేంటండీ! పొగ లేదనే కదా మనల్ని చేపల్లో కలుపుతామన్నది? ఇప్పుడు పొగ ఉంది. పొగ ఉన్నంతకాలం దాన్ని పోగొట్టడానికి మనం ఉండాలి. పథకం ఉన్నంతకాలం పొగ ఉంటుంది. అంటే పథకం శాశ్వతం కావాలి!"

ఆ వాదంలో ఎక్కడో ఒక కన్నం ఉందని విశ్వపతికి తోచింది. కానీ అది ఎంత గుండ్రంగా ఉందంటే, కన్నం ఎక్కడని వెతకడానికి మొదలే దొరకలేదు.

"ప్రిన్సిపల్ సెక్రటరీ గారు స్వయంగా వస్తున్నారు," అన్నాడు జేడీ. "మీ వంటింట్లోనే ఫైలు మీద సంతకం. రాష్ట్రమంతటికీ విస్తరణ. మీ ఇల్లు శాశ్వత ఆదర్శ గృహం అవుతుంది. మీకు మన ఆఫీసు వెనకాల క్వార్టర్స్ ఇప్పిస్తాను."

"దానికి వంటిల్లు లేదు కదండీ."

"మీకు వంటిల్లెందుకండీ? మీ వంటిల్లు ఇక్కడుంటుందిగా!"

ఆ సాయంత్రం విశ్వపతి ఆ సంగతి హైమవతికి చెప్పాడు. ఆవిడ అరవలేదు. కోప్పడలేదు. "ఎప్పుడొస్తున్నాడు ఆయన?" అని మాత్రం అడిగింది. అది పిల్లల్ని బెంచీ ఎక్కించబోయే ముందు వాడే గొంతు.

*

ప్రిన్సిపల్ సెక్రటరీ వచ్చే రోజు పొద్దున నూకరత్నం బాంబు పేల్చింది.

"ఆయన తాగి చూస్తానంటే ఏం చేద్దామండీ? మొత్తం పొంగిపోతుందిగా."

జేడీ మొహం పాలిపోయింది. పొంగకపోతే అపశకునం. పొంగితే ఖాళీ కప్పు.

"ఓ పని చేద్దాం సార్," అంది నూకరత్నమే. "ఒక పొయ్యి మీద పాలు పెట్టి తూర్పుకి పొంగిద్దాం. రెండో పొయ్యి మీద కాఫీ పెడదాం. పొంగిందా అంటే పొంగింది. తాగారా అంటే తాగారు."

"నూకరత్నం గారూ, మీరు ఐఏఎస్ కావలసిన మనిషి!"

అలా చాలా రోజుల తర్వాత రాగి గిన్నె సక్రమంగా విశ్వపతి చేతికి వచ్చింది. వంటింట్లో ఇసక వేస్తే రాలనంత జనం. పక్క పొయ్యి మీద పాలు బుసబుసా పొంగుతుంటే చప్పట్లు. అతను మాత్రం సన్నని మంట మీద గిన్నె పెట్టి, దాన్నే చూస్తూ నుంచున్నాడు. నురగ లేచింది. దించాడు. రెండు కప్పుల్లో నురగ పంచి, మెల్లిగా పోశాడు. ఒకటి సెక్రటరీకి, ఒకటి జేడీకి.

సెక్రటరీ బక్కపల్చటి మనిషి. రాత్రంతా ప్రయాణం చేసిన ముఖం. మొదటి గుక్కతో ఆయన భుజాలు కిందకు జారాయి. రెండో గుక్కకు కళ్ళు మూసుకున్నాడు.

"చాలా బావుంది," అన్నాడు.

"క్షేత్రస్థాయిలో లక్ష్యసాధన ఫలితం సార్," అన్నాడు జేడీ.

"ఫైలేది?"

ఫైలు వచ్చింది. సెక్రటరీ పెన్ను మూత తీశాడు. విశ్వపతి తన పొయ్యిని చూశాడు, దాని పక్క కిటికీని చూశాడు, గిన్నె తగిలించుకునే మేకును చూశాడు.

"సార్, కప్పు అలా వదిలెయ్యకూడదండి."

అన్నది హైమవతి. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఎందుకమ్మా?" అన్నాడు సెక్రటరీ.

"అడుగున మడ్డి ఉందిగా. టర్కీలో కప్పుని సాసర్లో బోర్లించి, చల్లారాక తీసి చూస్తారండి. తాగినవాళ్ళకు ముందు ముందు ఏం జరుగుతుందో అందులో కనబడుతుందట. మా తమ్ముడు చూపించుకున్నాడు. అక్షరాలా జరిగింది."

"మార్గదర్శకాల్లో ఆ ప్రస్తావన..." అని జేడీ మొదలెట్టాడు.

"ఉండవయ్యా," అన్నాడు సెక్రటరీ. కప్పు ఆవిడకు అందించాడు. పెన్ను గాల్లోనే ఉంది.

హైమవతి కప్పు బోర్లించింది. చల్లారాక తీసి, కిటికీ వెలుగుకు పట్టి, జవాబు పత్రం దిద్దుతున్నట్టు కనుబొమలు ముడిచింది.

"ఒక దారి కనబడుతోందండి."

టర్కీ వాళ్ళకు కప్పులో దారి కనబడితే సంతోషమట. కొత్త ఊళ్ళు, కొత్త స్నేహాలు అనుకుంటారట. కానీ ఆ వంటింట్లో ఉన్నవాళ్ళంతా ప్రభుత్వోద్యోగులు. వాళ్ళకు దారి అంటే ఒకటే. బదిలీ.

"ఎంత పొడుగుందమ్మా?" సెక్రటరీ గొంతు మారింది.

"చాలా పొడుగండి. అంచు దాకా పోయింది."

"చివరేముంది?"

"కొండండి."

"కొండా? సింహాచలమేమో చూడండి," అన్నాడు ఆయన ఆశగా.

"గుడేమీ కనబడట్లేదండి. చెట్లు బాగా ఉన్నాయి. ఇళ్ళు లేవు."

"ఏజెన్సీయేనండి," అనేశాడు పశుసంవర్ధక శాఖ, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

జేడీ తన కప్పు మెల్లిగా వీపు వెనక దాచాడు. హైమవతి చెయ్యి చాపింది.

"మీదీ ఇవ్వండి రాజు గారూ."

"వద్దమ్మా, నేను తాగలేదు."

"మీసానికి నురగుందండి."

ఇవ్వక తప్పలేదు. ఆవిడ బోర్లించింది, తీసింది, చూసింది. "దీన్లో దారి లేదండి."

"హమ్మయ్య!"

"నీళ్ళున్నాయి. నీళ్ళలో ఏవో కదులుతున్నాయి."

"చేపలా?" జేడీ గొంతు చీలిపోయింది. పక్కనున్నవాళ్ళు పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టారు.

సెక్రటరీ పెన్నుకు మూత పెట్టేశాడు. మళ్ళీ ఏదో తోచి, తీసి, ఫైలు మీద గబగబా రాశాడు. రాసింది పైకే చదివాడు. "సదరు పానీయము పరిపాలనా యంత్రాంగపు స్థిరత్వమునకు భంగకరముగా ఉన్నట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. పథకము తక్షణమే నిలిపివేయబడినది. ఈ గృహమునందు ఏ అధికారియూ కాఫీ స్వీకరించరాదు. ఈ వీధియందు తనిఖీలు అవసరం లేదు." జీపు ఎక్కేముందు హైమవతి వైపు తిరిగి, "ఆ కప్పు బాగా కడిగెయ్యండమ్మా," అన్నాడు.

*

ఆ నెలలోనే ఆయనకు బదిలీ అయింది. ప్రిన్సిపల్ సెక్రటరీలు బదిలీ కావడం ఎండాకాలంలో మామిడిపళ్ళు రావడమంత వింత. అయినా నూకరత్నం ఆ కబురు జిల్లాలో అన్ని ఆఫీసులకూ చేరవేసింది. ఆ తర్వాత ఆ వీధి మొగదాకా వచ్చిన ప్రభుత్వ జీపులు కూడా వెనక్కి తిరిగిపోయేవి.

త్రివిక్రమరాజును ఎవరూ చేపల్లో కలపలేదు. ఆయన పుట్టించిన పొగ ఇంకా జిల్లా అంతా ఉంది మరి. సంస్థ సిబ్బంది సూదులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, బర్నరు కన్నాలు ఒక్కొక్కటీ పొడిచి శుభ్రం చేయడం మొదలెట్టారు. జనం వాళ్ళను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. నూకరత్నం ఏ ఇంట్లో మజ్జిగ బావుంటుందో గుర్తుపెట్టుకుని ఆ బర్నర్లు రెండోసారి కూడా చూసి వచ్చేది.

పథకం ఆగిన మర్నాడు విశ్వపతి అందరికన్నా ముందు లేచాడు. గిన్నె మీది ఎర్ర పెయింటు ఎంత గీకినా పూర్తిగా పోలేదు. పోనీలే అనుకున్నాడు. చన్నీళ్ళు పోసి, పొడీ పంచదారా కలిపి, సన్నని మంట మీద పెట్టాడు. కిటికీ బయట ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఎవరూ లేరు. ఏ చప్పుడూ లేదు.

వెనక అడుగుల చప్పుడైంది. హైమవతి గడపలో నిలబడి ఉంది.

"ఏంటి, అప్పుడే లేచావు?"

"మీరు తాగుతారో లేదో చూద్దామని."

అతను గిన్నె మీంచి కళ్ళు తిప్పకుండా అడిగాడు. "హైమా, నిన్నటి నుంచీ అడగాలనుకుంటున్నా. ఆ కప్పులో నిజంగా దారి కనబడిందా?"

"కప్పులో చూడ్డం నాకేం వచ్చండీ? మడ్డి మడ్డిలాగే ఉంది."

"మరి?"

"ఆయన పెన్ను మూత తియ్యగానే మీ మొహం చూశాను."

విశ్వపతి ఆవిడతో ఒక మంచి మాట, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పనిది, చెప్పాలని ఇటు తిరిగాడు. సరిగ్గా అప్పుడే నురగ మధ్యకు మూసుకుని పైకి లేచింది.

"మాటలు తర్వాత," అంది హైమవతి. "ముందు దించండి!"

దించాడు.